ఫిరంగి కాలికి పెట్టిన బొట్టు

దయ్యాలనీ మహిమలనీ ఎవరైనా చెబితే నవ్వేదాన్ని. బోడుప్పల్‌లో శ్మశానం పక్క సందులోంచే డ్యూటీకి పోయేదాన్ని. అక్కడ నాకు భయమంటే కుక్కలదే.

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో ఒక చిన్న ఇంజనీరింగ్ షెడ్డులో సామాను తుడిచి, ప్యాక్ చేసే పని నాది. ఆ ఏడాది ఫిరంగి పని వచ్చింది. బండి వెనక కట్టి కొండల మీదికి లాక్కెళ్లే తేలిక రకమట. పేల్చినప్పుడు దెబ్బంతా నేలకు ఆనించే రెండు పొడవాటి కాళ్ల మీద పడుతుంది. ఆ కాళ్లు మా దగ్గరే వెల్డింగ్ చేశారు. కాలు విరిగితే పక్కనున్న జవాన్ల ప్రాణాలకే ముప్పు. మా అన్న మిలిటరీలో ఫిరంగి పేల్చేవాడే. అందుకే వాటిని తుడిచేటప్పుడు నా చేయి నెమ్మదిగా కదిలేది.

మా షెడ్డులో ఏ సామానైనా బొట్టు పెట్టించుకున్నాకే గేటు దాటుతుంది. ఒక మధ్యాహ్నం, లారీకి ఎక్కించే ముందు, ఒక కాలికి తడి కుంకుమతో గుండ్రంగా పెట్టాను. చూస్తుండగానే అది వెంట్రుకంత గీతలా వంకరగా సాగింది. తుడిచి మళ్లీ పెట్టాను. అదే గీత. రెండో కాలి మీద బొట్టు మాత్రం కదల్లేదు.

"ఏందే, ఫిరంగికి కాటుక దిద్దుతున్నవా?" అంది నాతో పనిచేసే యాదమ్మక్క.

"నువ్వే పెట్టి సూడరాదక్కా."

పెట్టింది. ఆమె పెట్టిందీ అదే గీతలా సాగింది.

తనిఖీ సార్‌ను పిలిచాను. పగుళ్లు చూసే ఎర్ర రంగు పరీక్షలో ఆ కాలు అప్పటికే పాసైంది. ఆయన మళ్లీ చేశారు. ఏమీ కనపడలేదు. బయట లారీ హారన్ కొడుతోంది.

"పైన పగులే లేదమ్మా. కుంకుమ ఎట్ల సాగుతది?"

"నాకెట్ల తెలుస్తది సార్. మా అన్న గిసొంటి కాళ్ల నడుమనే నిలవడుతడు. జర ఎక్స్‌రే తీయించున్రి."

ఆయన ఎక్స్‌రేకు చీటీ రాశారు. తర్వాత లారీని ఖాళీగా పంపేశారు.

ఫిల్మ్ వచ్చాక సార్ దాన్ని కాలి పక్కన పట్టుకున్నారు. లోహం లోపల నల్లటి పగులు. మేం తుడవకుండా ఉంచిన కుంకుమ గీత ఎక్కడ వంగిందో అదీ అక్కడే వంగింది. పైకి మాత్రం ఎక్కడా రాలేదు. సార్ చెప్పులు విడిచి, ఆ కాలిని తాకి కళ్లకు అద్దుకున్నారు. ఎవరూ చెప్పకుండానే షెడ్డులో అందరూ మెషీన్లు ఆపేశారు.

ఆ రాత్రి అన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"మేము గూడ బొట్టు పెట్టినంకనే పేలుస్తం చెల్లె," అన్నాడు.

పైకి రాని పగులు కుంకుమకు ఎలా తెలిసిందో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.