ఒట్టి పిడికిళ్ల వాళ్లు, గ్లౌజుల వాళ్లు

అన్న పటాలం నుంచి దేవరుప్పుల పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చేనాటికి, నేను భర్త పోయి పుట్టింట్లోనే ఉంటున్నాను. సిపాయిగా ఉన్నప్పుడు అన్న బాక్సింగ్ నేర్చుకున్నాడు. బాపు వయసులో ఉండగా జనగామ తాలీంలో కుస్తీలు పట్టిన మనిషి. ఇక పొద్దుగూకితే చాలు, ఇంట్లో ఇద్దరికీ వాదన.

అన్నకు నేర్పిన ముసలి హవల్దారు రెండు కాలాల బాక్సర్ల గురించీ చెప్పేవాడట. పాతవాళ్లు ఒట్టి పిడికిళ్లతో కొట్టుకునేవారు. తలకు కొడితే తమ వేళ్లే విరుగుతాయని డొక్కలకు గురిపెట్టేవారు. ఒకడు లేవలేక పడిపోయేదాకా నిలబడి దెబ్బలు తినేవారు. గ్లౌజులు వచ్చాక ఆట మారింది. గడ్డాన్ని భుజం చాటున దాచుకోవడం, ఎడమచేత్తో పొడుస్తూ దూరం చూసుకోవడం, ఒక్కచోట నిలవకుండా అడుగులు మార్చడం వచ్చాయి.

"తప్పుకునుడేంది కొడుకా? దెబ్బకు ఓర్సుకునేటోడే పహిల్వాన్" అనేవాడు బాపు.

"ఓర్సుకున్నోడు మంచాన పడ్డడు బాపు. తప్పుకున్నోడు ఇంకో ఆటకు మిగిలిండు" అనేవాడు అన్న.

దొరను ఎదిరించడానికి ఊళ్లో రైతులు సంఘం పెట్టిన రోజులవి. దొర మనుషులు బండ్లు కట్టుకొచ్చి, మేం పండించిన జొన్నలు ఎత్తుకుపోయేవారు. అడ్డుకోవాలని సంఘంలో అనుకున్నాక, అన్న కళ్లంలో ఆడవాళ్లకు కర్ర తిప్పడం, పిడికిలి పట్టడం నేర్పాడు.

"నువ్వు బక్కగున్నవ్ చెల్లె. గ్లౌజులోళ్ల లెక్క కాళ్లు ఆడియ్యి" అన్నాడు నాతో.

"ఎన్కకు జరిగితే కుప్ప వాళ్లదైతదన్నా. నాకు పాతోళ్ల దెబ్బ గూడ కావాలె."

అన్న ఒప్పుకోలేదు. నేనే గోనెసంచిలో ఊక నింపి గుంజకు వేలాడదీశాను. రోజూ గుద్దేదాన్ని. వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచింది. బాపు చూసి చూసి ఒకరోజు లేచొచ్చాడు.

"చేతుల బలం ఉండదు బిడ్డా. మడిమె నేలకు ఆనియ్యి. నడుం తిప్పు."

అప్పుడు సంచి కదిలింది.

జొన్నలు కుప్ప పోసిన నాడు బండ్లు వచ్చాయి. ఆడవాళ్లమంతా కుప్పకు అడ్డంగా నిలబడ్డాం. ముందున్న మనిషి నా మీదికి కర్ర ఎత్తాడు. వెనక్కి పోకుండా తల పక్కకు తీసి, అతని చేతి లోపలికి అడుగేశాను. అది అన్న నేర్పిందే. మడమ ఆనించి డొక్కలో గుద్దాను. ఊపిరాడక మోకాళ్ల మీద కూలబడ్డాడు. కోపం ఆగక దవడ మీద ఇంకొకటి వేశాను. నా చిటికెన వేలు విరిగింది. నొప్పి తెలియనే లేదు. పక్కనున్న ఆడవాళ్లు కర్రలు లేపారు. బండ్లు ఖాళీగా తిరిగిపోయాయి.

తర్వాత ఊరి మీదికి పోలీసులు వచ్చారు. అన్న సంఘం సాయుధ దళంతో కాటారం అడవుల వైపు వెళ్లిపోయాడు. వెళ్లేముందు నా వేలికి వెదురుబద్ద కట్టి, "కళ్లంల నేర్పుడు బంద్ కావద్దు చెల్లె" అన్నాడు.

బంద్ చేయలేదు. పెద్దవంగర ఆడవాళ్లు కబురు పెడితే అక్కడికీ పోయాను. తోడుగా బాపు వచ్చాడు. నేను అడుగులు చూపించేదాన్ని, ఆయన మడమలు సరిచేసేవాడు.

అన్న చాలా కాలానికి, ఒక కాలు కుంటుతూ వచ్చాడు. అప్పటికి ఆ జొన్నచేను, దొరకు గింజ పోకుండా, మేమే దున్నుకుంటున్నాం.