పీలికల చదువు

మామయ్య టైలరింగు దుకాణంలో ఆమెను అందరూ కాజాల పిల్ల అనేవారు. నలభై దాటినా, కణతల దగ్గర జుట్టు తెల్లబడినా పిల్లే. బొత్తాలకు కాజాలు కుట్టడం, అంచులు మడవడం, సాయంత్రం నేల ఊడవడం ఆమె పని. కత్తెర మాత్రం ముట్టుకోకూడదు. గుడ్డ కోసేవాడు మాస్టరు, మిగతావాళ్ళంతా కూలివాళ్ళు. అది ఆ దుకాణంలో రాజ్యాంగం.

చేతులు వణకడం మొదలయ్యాక మామయ్య ఆ కత్తెరను కొడుక్కి ఇచ్చాడు. "మావాడికి పుట్టుకతోనే వచ్చిందండీ" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పుట్టుకతో వచ్చేది ఏడుపు ఒక్కటే, అది అందరికీ వస్తుంది. ఈ బావగారికి ఒక కన్ను సుద్దగీత మీద, ఇంకో కన్ను ఫోను మీద. చంక బిగిసినా, భుజం జారినా ఒకటే పాట: "కోత బాగానే ఉందండీ, కుట్టులో పోయింది." ఆడలేక మద్దెల ఓడన్నట్టు! తప్పు ఎవరిదో మామయ్యకు తెలుసు. తెలిసే తలూపేవాడు. ఆమెకు ఒళ్ళు మండేది అందుకే.

ఇంటికొచ్చి చెప్పుకుంటే అమ్మ, "ఓర్చినమ్మకు తేటనీరే తల్లీ" అనేది.

"ఆ తేటనీరంతా బావే తాగేస్తున్నాడమ్మా!" అని గిన్నెలు ఠంగుమనిపించేది ఆమె.

అయితే కత్తెర ముట్టనివ్వలేదన్న కోపం ఆమెకు ఎప్పటినుంచో ఉంది, దాన్ని గిన్నెల మీదే ఖర్చుపెట్టలేదు. ఆమె కూర్చునే పీట కోతబల్లకు వెనక ఉండేది. మామయ్య కోసే రోజుల్లో అక్కడినుంచి ఆయన వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. కానీ ఆయన కోయగా మిగిలిన పీలికలన్నీ ఆమె కాళ్ళ దగ్గరే రాలేవి. ఊడ్చి పారేయమన్న ఆ పీలికలను సంచిలో కుక్కి ఇంటికి పట్టుకొచ్చేది. వంటింటి నేలమీద ముక్కకు ముక్క ఆనించి పేర్చేది. చుట్టూ పీలికలు సరిగ్గా కుదిరితే, మధ్యలో మిగిలిన ఖాళీయే చొక్కా ముందుభాగం, చెయ్యి, మెడ. ఆ ఖాళీని పాత పేపరు మీద గీసి, కోసి, గుండుసూదులు గుచ్చి అమ్మకు తొడిగేది. అమ్మ పేపరు కోటు వేసుకునే కూరలు తరిగేది.

"చేతులెత్తమ్మా" అంటే ఎత్తేది. చంకలో పర్రున చిరిగేది. మళ్ళీ పేర్చడం, మళ్ళీ గీయడం. ఎన్ని పేపర్లు చిరిగాయో పొయ్యికే తెలియాలి. శభాష్ అనే నాథుడు లేడు. ఒకరోజు అమ్మ చేతులు పైకెత్తి, "ఎక్కడా పట్టెయ్యలేదే!" అంది. ఆమె నేలమీద చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. ఆ సంతోషం ఎవరో ఇచ్చింది కాదు, ఎవరూ లాక్కోలేరు కూడా. మర్నాడు మళ్ళీ వెళ్ళి కాజాలే కుట్టింది. పని రానప్పటి కోపం కంటే వచ్చాక కోపం పదింతలయింది.

ఆ కోపం పగిలింది ఒక వెల్వెట్ కోటు దగ్గర. వెల్వెట్‌కు ఒకవైపుకే వాలే నూగు ఉంటుంది. ముక్కలన్నిటినీ ఒకే వైపు నూగుతో కోయాలి, లేకపోతే వెలుగులో రెండు రంగులు కొడుతుంది. బావ గుడ్డ కలిసొస్తుందని ఒక ముందుముక్కను తలకిందులుగా కోసేశాడు. కోటు కుట్టించుకున్న సంగీతం పంతులమ్మ దాన్ని తొడుక్కుని అద్దం ముందు నిలబడితే ఒక సగం నల్లగా, ఒక సగం వెలిసినట్టు ఉంది. సాయంత్రం అదే కోటుతో ఆవిడ సభలో పాడాలి.

"కుట్టులో పోయిందండీ" అన్నాడు బావ, కొంచెం కూడా తడుముకోకుండా.

పంతులమ్మ ఆమె వైపు తిరిగింది. "ఇన్నేళ్ళ నుంచి కుడుతున్నావు, ఇంత అజాగ్రత్త ఏమిటమ్మా?"

మామయ్య తలూపాడు. "సాయంత్రానికి సరిచేస్తాంలెండి" అని ఆవిడను పంపించి, "కుట్లు విప్పు" అన్నాడు మేనకోడలితో.

"కుట్లు విప్పితే నూగు తిరుగుతుందా మామయ్యా? ముక్క మళ్ళీ కోయాలి." ఆమె లేచి వెళ్ళి బల్ల మీది కత్తెర అందుకుంది.

"అది పాడయిందంటే మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు!" అని బావ అరిచాడు.

"తొక్కను. నువ్వు ముందు బల్ల మీదనుంచి మోచెయ్యి తియ్యి."

మిగిలిన గుడ్డలో నిలువెత్తు ముక్క రాదు. అది ఆమెకు చూడగానే తెలిసింది, మిగిలిన గుడ్డే కదా ఆమె బడి! సన్నగా రెండు ముక్కలు కోసి, అరచేత్తో నూగు నిమిరి చూసుకుని, నిలువుగా జోడించింది. రెండో వైపు కూడా అలాంటి కుట్టే వేసింది. అతుకు కాస్తా సొగసయింది. కోసినంతసేపూ లోపల కోపం కుతకుతలాడుతూనే ఉంది, కత్తెర మాత్రం సుద్దగీత దాటలేదు.

సాయంత్రం పంతులమ్మ కోటు తొడుక్కుని, నిండా ఊపిరి పీల్చి, చిన్న రాగం తీసింది. "ముందుకంటే బాగుందే! ఎవరు కోశారు?"

"మావాడేనండీ" అన్నాడు మామయ్య అలవాటుగా.

"నేను కోశాను" అంది ఆమె.

బావ నేల చూపులు చూశాడు. పంతులమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసి, ఆమె చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. మామయ్య ఆమె వైపు తిరిగాడు.

"ఎక్కడ నేర్చుకున్నావే?"

"ఇక్కడే. నీ వీపు వెనకే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశావా మామయ్యా?"

బావ కత్తెర కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు, బల్ల దగ్గరనుంచి జరగనూ లేదు. తర్వాతి గుడ్డ పరిచి సుద్ద చేతిలోకి తీసుకుంది.

"కొలతలు చదువు బావా" అంది.

బావ తండ్రి వైపు చూశాడు. మామయ్య ఈసారి కొడుకు కోసం తలూపలేదు, కొలతల పుస్తకం అతని ముందుకు జరిపాడు. బావ గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు.