మెడ అన్న మాట

ఎనోరా పందుల్ని చంపుతుంది. వారానికి ఐదు రోజులు, పొద్దున్న ఐదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా అదే పని. ఫ్రాన్స్ పడమటి కొసన, రోస్త్రెనెన్ ఊరు దాటాక పెద్దరోడ్డు పక్కనున్న కబేళాలో, కరెంటు షాకుతో స్పృహ తప్పిన పందులు వెనక్కాలితో కొక్కేనికి వేలాడుతూ ఒకదాని వెనక ఒకటి ఆమె ముందుకొస్తాయి. రొమ్ము ఎముక దగ్గర, మెడ మొదట్లో కత్తి దించి, లోపల ఒక్కసారి తిప్పి లాగుతుంది. రక్తం మోచేతుల దాకా కొడుతుంది. ఇలా గంటకు మూడు వందలు. పద్నాలుగేళ్లుగా ఆమె ఆ చోటే నిలబడుతోంది. అక్కడ నిలబడటానికి మగవాళ్లు కూడా ముందుకు రారు కాబట్టి ఆమెను ఎవరూ కదపలేదు.

చెవులకు తొడుగులు పెట్టుకోక తప్పని ఆ రొదలోనే ఆమె గొంతు సాధన చేసింది. ఆమె అరుస్తోందని పక్కనున్నవాళ్లకు కూడా తెలిసేది కాదు. శనివారాల్లో ఆమె ‘కిగెరెజ్’ అనే డెత్ మెటల్ రకపు రాక్ బృందంలో పాడుతుంది. మా బ్రెటన్ భాషలో ఆ మాటకు కసాయిపని అని అర్థం. పాడుతుంది అన్నానే గాని, తెలియనివాళ్లు వింటే గొలుసు తెంచుకున్న జంతువేదో గుర్రుమంటోందని అనుకుంటారు. అసలు గొంతును తాకకుండా దానిపైనున్న మడతల్ని గాలితో ఒరిపించి పలికే పాట అది. వచ్చినవాళ్లలో నూటికి తొంభైమందికి మాటలు అర్థం కావు. మాటల కోసం డిస్కు కవరులో కాగితం పెడతారు.

ఆమె తండ్రి జోబ్ కూడా పందుల్ని చంపేవాడే. ఆ రోజుల్లో పల్లెల్లో ఇంటికో పందిని పెంచి, చలికాలంలో కోయడానికి అతన్ని పిలిచేవాళ్లు. పంది దగ్గర అతని చెయ్యి చాలా శుభ్రం, ఒక్క పోటుతో సరి. ఇంట్లో మాత్రం అలా కాదు. భార్య సోయాజ్ మణికట్టును తలుపు సందులో పెట్టి విరిచాడు. ముందుపళ్లు రెండు రాలగొట్టాడు. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు బ్రెటన్‌లోనే మాట్లాడుకునేవాళ్లు. కూతురితో మాత్రం ఫ్రెంచి. బళ్లో నలుగురూ నవ్వకూడదని అప్పట్లో అందరూ అలాగే చేశారు. అలా ఎనోరాకు ఫ్రెంచి అన్నం పెట్టిన భాష అయింది. బ్రెటన్ గోడకవతల వినపడే దెబ్బల భాషగానే మిగిలింది.

ఆమెకు పదకొండేళ్లప్పుడు, సొంత పెరట్లోనే ఒక ఆడపందిని కోశారు. జోబ్ స్నేహితుడు లోమిగ్ వెనక్కాళ్లు అదిమి పట్టుకున్నాడు. రక్తం పట్టే గిన్నె తేవడంలో సోయాజ్‌కు ఆలస్యమైంది. జోబ్ ఆమె జుట్టు పట్టి తల వెనక్కి వంచి, కత్తి అంచు చెవి కింద ఆనించాడు. ఆమె మెడా, దాని మెడా, ముందు ఏది కొయ్యను అని లోమిగ్‌ను అడిగాడు. గోడవతల ఎనోరాకు ఆ మాట వినపడింది. లోమిగ్ నవ్వాడు, బలిసినదాన్ని ముందు కొయ్యమన్నాడు. చర్మం తెగాక జోబ్ ఆమెను వదిలి పంది మీదికి వంగాడు. సోయాజ్ తన మెడ మీంచి రక్తం కారుతుండగానే గిన్నె పట్టుకుని కూర్చుని, పంది రక్తం గడ్డకట్టకుండా చేత్తో తిప్పుతూనే ఉంది. లేకపోతే పేగుల్లో కూరి చేసే రక్తపు సాసేజ్‌కు పనికిరాదు.

జోబ్ రెండేళ్ల కిందట ఆసుపత్రి మంచం మీద, నిద్రలో, నొప్పి తెలియకుండా పోయాడు. అంత మెత్తని చావు అతనికి దక్కడం ఎనోరాకు మింగుడుపడలేదు.

ఈసారి వచ్చిన ఆల్బం కిగెరెజ్‌కు నాలుగోది. ఎనిమిది పాటల్లో ఏడు ఫ్రెంచివి. ఆరోది మాత్రం బ్రెటన్. దానికోసం ఎనోరా ఒక చలికాలమంతా సాయంత్రపు తరగతులకు వెళ్లింది, నిఘంటువు ముందేసుకుని కూర్చుంది. పాటలో పెరడు, గిన్నె, కత్తి అన్నీ ఉన్నాయి. కత్తి మాత్రం కూతురి చేతిలో ఉంటుంది. పల్లవి మూడే మాటలు, త్రోహ్ ఎ గూజూగ్. కోసెయ్ వాడి మెడ అని. అది పంతొమ్మిది సార్లు వస్తుంది.

సోయాజ్‌కు డెబ్బై ఒకటి. కూతురు పాడుతున్న ఈ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా వినడానికి రాలేదు. పొద్దంతా పందుల అరుపులు వినేది చాలలేదా అనేది. ఈసారి ఆరో పాట నీ కోసం రాశానని ఎనోరా చెప్పింది. అయితే వస్తాను గాని ముందు మాటలు చెప్పమంది సోయాజ్. ఆ గుర్రులో తనకేం తెలుస్తుందంది.

మంగళవారం ఐదు వందల డిస్కులు వచ్చాయి. బుధవారం మధ్యాహ్నం ఎనోరా ఒకటి పట్టుకుని తల్లి వంటింటికి వెళ్లింది. సోయాజ్ బల్ల ముందు కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తోంది. బ్రెటన్‌లో పుట్టి పెరిగినా ఆమెకు ఆ భాష చదవడం రాదు. అప్పట్లో బళ్లో ఎవరూ నేర్పలేదు. అందుకని ఎనోరా కాగితం విప్పి, మామూలు గొంతుతో, నెమ్మదిగా చదివి వినిపించింది. మొదటి నాలుగు పాదాలకు సోయాజ్ తల ఊపింది. పల్లవి దగ్గర ఆమె చేతులు ఆగాయి.

“ఎవరి మెడ?”

“నాన్నది.”

“నువ్వు చదివింది ఆడదాని మెడ. ఆ పందిదన్నా అయ్యుండాలి, నాదన్నా అయ్యుండాలి.”

మా భాషలో ‘అతని’కీ ‘ఆమె’కీ నోటితో పలికేది ఒక్కటే, ఎ. తేడా అంతా దాని తర్వాతి మాట మొదటి హల్లులో ఉంటుంది. ఆమె మెడ అంటే గూజూగ్ గూజూగ్‌లాగే ఉంటుంది. అతని మెడ అంటే గకారం గొంతులో ఒరుసుకుని హకారమవుతుంది, హూజూగ్ అనాలి. ఎనోరా నిఘంటువులో మాట ఎలా ఉందో అలాగే తెచ్చి పాటలో పెట్టింది. ఇంట్లో నేర్చుకున్నవాళ్లు కలలో కూడా చెయ్యని తప్పు అది, తరగతుల్లో నేర్చుకున్నవాళ్లందరూ చేసే తప్పు.

“మీ నాన్న ఆ రోజు అన్నది కూడా ఇదే మాట,” అంది సోయాజ్. “అచ్చం ఇలాగే. నువ్వు గోడవతల నుంచి విన్నది విన్నట్టు రాశావు.”

ఎనోరా అచ్చు తప్పనీ, మళ్లీ అచ్చు వేయిస్తామనీ ఏదేదో అంది. వేయించడం కుదరదని ఆమెకూ తెలుసు. కాగితం మీద పెన్నుతో దిద్దవచ్చు. డిస్కులో గొంతును దిద్దలేరు. శనివారం వేదిక మీద సరిగ్గా పాడతానంది చివరికి.

సోయాజ్ కవరును మోచేత్తో పక్కకు జరిపి మళ్లీ కాయ అందుకుంది. “నువ్వు గ అంటావో హ అంటావో ఆ రొదలో నాకెలా తెలుస్తుంది? ఆ మాట ఒకసారి విన్నాను. మళ్లీ వినడానికి అంతదూరం రాలేను.”

“వినపడేలా చేస్తాను అమ్మా.”

తల్లి ఒలిచిన గింజల్ని గిన్నెలోకి తోసింది.

ఆ సాయంత్రం బంగాళాదుంపల షెడ్డులో సాధన జరిగింది. డ్రమ్స్ వాయించే రియోక్ ట్రాక్టర్ల మెకానిక్. మనిషి మంచివాడే, మాటే మొరటు. పల్లవి ముందు ఒక్క క్షణం అందరూ ఆగాలని ఎనోరా అడిగింది. పాట మొత్తంలో తన చేతులు అన్నిటికన్నా వేగంగా ఆడే చోటు అదేననీ, అక్కడ ఆగితే పాట నడుం విరిగినట్టేననీ రియోక్ అన్నాడు. ఆమె కారణం చెప్పింది. అతను నవ్వాపుకోలేకపోయాడు.

“తల్లీ, మన దగ్గరికి వ్యాకరణం వినడానికి ఎవడొస్తాడు? అమ్మ మెడైనా అత్త మెడైనా వాళ్లకి ఒకటే.”

పద్నాలుగేళ్లు కత్తి పట్టిన చెయ్యి అది. పిడికిలి దవడకు తగిలి రియోక్ స్టూలుతో సహా వెనక్కి పడ్డాడు. లేస్తూనే ఆమె నడుం పట్టి స్పీకర్ పెట్టె మీదికి విసిరాడు. ఆమె మోచేత్తో అతని పక్కటెముకల్లో పొడిచింది. అతను డ్రమ్ కర్రతో ఆమె ముంజేతిని కొడితే కర్ర రెండు ముక్కలైంది. గిటారు వాళ్లిద్దరూ కలిసి విడదీసేసరికి ఇద్దరి నోళ్లూ ఎర్రగా ఉన్నాయి. రియోక్ ఒక పన్ను కదులుతోందేమో నాలుకతో చూసుకుని, కావాలంటే ఇంకో నాలుగు కొట్టు, ఆపనంటే ఆపను అన్నాడు.

శనివారం నాలుగింటికి ఊరి ఉత్సవాల హాల్లో కచేరీ మొదలైంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఒప్పుకోరు కాబట్టి మా దగ్గర ఇలాంటివన్నీ పగలే. మూడు వందల మందికి పైగా వచ్చారు. హాలు వెనక ఉత్సవ సంఘం ముసలివాళ్లు దుకాణం పెట్టారు. ఒకరు నల్లపిండి అట్టులో సాసేజ్ చుట్టి ఇస్తున్నారు. సైడర్ అనే యాపిల్ కల్లు పోసేది లోమిగ్. జోబ్ పోయినా అతను గట్టిగానే ఉన్నాడు.

ఎనోరా ప్రతి పాట మధ్యా తలుపు వైపు చూసింది. నాలుగో పాటలో సోయాజ్ వచ్చింది. కోటు గుండీలన్నీ పెట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని వచ్చి, స్పీకర్లకు అన్నిటికన్నా దూరమని దుకాణం పక్కనే నిలబడింది. లోమిగ్ ఒక గ్లాసు ముందుకు తోసి, నీ కూతురు పందుల్ని కోస్తోందా జనాన్నా అని బ్రెటన్‌లో వేళాకోళం చేశాడు. సోయాజ్ గ్లాసు తాకలేదు. చెవుల్లోంచి దూది మాత్రం తీసేసింది.

వేదిక ముందు జనం ఒకరి మీదికి ఒకరు విసురుకుంటున్నారు. భుజాలు, మోకాళ్లు, నుదుళ్లు ఢీకొంటున్నాయి. పడ్డవాళ్లను చంకల్లో చేతులేసి లేపి, మళ్లీ అందులోకే తోస్తున్నారు. ఒకమ్మాయి ముక్కులోంచి రక్తం కారుతుండగా నవ్వుతూ గోడకు చేరబడి ఊపిరి పీల్చుకుని మళ్లీ దూకింది. అప్పుడు ఆరో పాట మొదలైంది. పెరడు వచ్చింది, గిన్నె వచ్చింది. పల్లవి దగ్గరపడుతుంటే ఎనోరా వెనక్కి తిరిగి రియోక్ వైపు చూసింది. అతను తల అడ్డంగా ఊపి ఇంకా వేగం పెంచాడు.

ఆమె రెండంగల్లో వెనక్కి వెళ్లి, పెద్ద ఇత్తడి సింబల్ పళ్లెం బిగించిన ఇనుపకాడను రెండు చేతులా పట్టి లాగింది. పళ్లెం అంచు అరచేతిని కోసింది. కాడ డ్రమ్స్ మీద అడ్డంగా కూలి, రియోక్ కనుబొమను చీల్చుకుంటూ నేల మీద పడింది. డ్రమ్స్ ఆగాయి. బిత్తరపోయి గిటార్లూ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఎనోరా మైకు నోటికి ఆనించి, మూడు మాటలూ పలికింది.

త్రోహ్ ఎ హూజూగ్.

ఆ హకారం ఆమె గొంతుకు కొత్తది కాదు. పన్నెండేళ్లుగా అక్కడ ఒరుసుకుంటున్నది అదే.

జనం ఇదంతా ప్రదర్శనలో భాగమనుకున్నారు. అప్పటికే డిస్కు కొని కాగితం చదివినవాళ్లు ఉత్సాహంగా తిరిగి అరిచారు, గూజూగ్ అని. ఎనోరా లేదన్నట్టు చెయ్యెత్తింది. చేతి మీంచి రక్తం మోచేతికి జారింది. మళ్లీ పలికింది. ఈసారి సగంమంది గ, సగంమంది హ అన్నారు. మూడోసారి ఆ హల్లును ఎంత సాగదీసిందంటే గొంతు చీరుకుపోయి దగ్గు వచ్చింది. హాలు మొత్తం ఒక్కటిగా హూజూగ్ అని గర్జించింది. మూడు వందలమంది, ముక్కూ మొహం తెలియనివాళ్లు, జోబ్ మెడ కొయ్యమన్నారు.

ఆ మెడ ఎవరిదో వెంటనే తోచింది హాల్లో ఎనోరా కాక ఇంకో ఇద్దరికే. లోమిగ్ చేతిలో సీసా వంచి ఉన్నది ఉన్నట్టే ఆగింది.

“చచ్చిపోయి రెండేళ్లయిన వాడి మెడ ఇప్పుడు కోసి ఏం లాభం, సోయాజ్?”

“నువ్వున్నావుగా.”

ఉప్పు అందించమన్నంత మామూలుగా అందామె. లోమిగ్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆమె మెడ మీద చెవి కింది తెల్లటి గీతను చూసి చూపు తిప్పుకున్నాడు. కాసేపు ఏవో గ్లాసులు సర్దాడు. తర్వాత నడుముకున్న గుడ్డ విప్పి బల్ల మీద పెట్టి, పక్క తలుపులోంచి వెళ్లిపోయాడు.

వేదిక మీద రియోక్ కంట్లోకి కారుతున్న రక్తాన్ని తుడుచుకుని, చేతిలోని కర్రను ఎనోరా వీపుకేసి విసిరికొట్టాడు. అది గట్టిగానే తగిలింది. ఇంకో కర్ర తీసుకుని, మిగిలిన రెండు డ్రమ్స్ మీదే పాటను మళ్లీ అందుకున్నాడు.

అమ్మకానికి తెచ్చిన డిస్కులన్నీ ఆ రోజే చెల్లిపోయాయి. కాగితాల్లో అక్షరం దిద్దే తీరిక ఎవరికీ దొరకలేదు. అవి ఏ ఇంట్లో మోగినా ఇప్పటికీ వాటిలో తెగేది సోయాజ్ మెడే.

కచేరీ అయ్యాక ఎనోరా అరచేతికి గుడ్డ చుట్టుకుని దుకాణం దగ్గరికి వచ్చింది. లోమిగ్ చోట తల్లి నిలబడి, వరసలో ఉన్నవాళ్లకు సైడర్ పోస్తోంది. కూతురికీ ఒక గ్లాసు పోసింది. ఎనోరా గ్లాసు అందుకుని, ఎలా పలికానన్నట్టు తల్లి వైపు చూసింది.

“మొదటిసారి ఇంకా కాస్త గ ఉంది,” అంది సోయాజ్. “మూడోసారి సరిగ్గా వచ్చింది.”