మొదటి పేజీ చాలన్నాను

తెలియకపోతే తెలియదని చెప్పడానికి ఏం రోగం? ఇన్నేళ్ళయినా ఆ పేజీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది.

అప్పుడు నేను కొత్తపేటలో జువాలజీ పాఠాలు చెప్పేదాన్ని. మా అన్నయ్యకు ముమ్మిడివరం అవతల రొయ్యల చెరువు ఉండేది. ఒక వేసవిలో రొయ్యలు మేత ముట్టడం మానేసి, గట్టు పక్కకు చేరి నీరసంగా తిరగసాగాయి. అది తెల్లమచ్చ వైరస్సే అయితే చెరువంతా బ్లీచింగ్ కొట్టి చంపేయాలి, లేకపోతే చుట్టుపక్కల చెరువులన్నిటికీ అంటుకుంటుంది. కాకపోతే నీళ్ళు మార్చి ఓపిక పడితే చాలు. పెంకు మీద మచ్చలేమీ లేవే అన్నాడు అన్నయ్య. మొదట్లో కనబడకపోవచ్చని నేనే అన్నాను. ఎమ్మెస్సీ చదివానుగా!

విశాఖలో ఒక ల్యాబులో పనిచేసే నా క్లాస్‌మేటుకు నాలుగు రొయ్యలు స్పిరిట్‌లో వేసి పంపాను. ఆవిడ వాటిలోంచి చదివిన జన్యు అక్షరాల వరుసను మెయిల్లో పంపి, అదేమిటో నన్నే వెతుక్కోమంది. ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాలే అటూ ఇటూ మారుతూ అరపేజీ ఉంది. లోకంలో ఎవరెవరో చదివి దాచిన అలాంటి వరుసలన్నిటితో మన వరుసను పోల్చి, అది దేనికి దగ్గరో చెప్పే పేజీ ఒకటి ఇంటర్నెట్‌లో ఉండేది.

అమలాపురం నెట్ సెంటర్‌కు వెళ్ళిన రోజే ఇంటర్ ఫలితాలు. జనం గుమ్మం దాకా నిలబడ్డారు. నా పేజీ వెతుకుతున్నాం ఆగండి అంటుంది, ఇంతలో లైను పోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. మూడోసారికి జాబితా వచ్చింది. అందులో అన్నిటికన్నా పైన తెల్లమచ్చ వైరస్ పేరే ఉంది. సెంటరు నడిపే ఆయన నా వెనకాలే నిలబడి, "మొదటి పేజీ ఒక్కటే ప్రింటు తీయమంటారాండీ? కిందంతా గీతలేనండి," అన్నారు.

చాలన్నాను. ఆ రోజు మార్కుల కోసం వచ్చినవాళ్ళంతా తీసుకెళ్ళిందీ మొదటి పేజీయే.

తెల్లమచ్చేనని చెప్పి ఆ కాగితం అన్నయ్య చేతిలో పెట్టాను. బ్లీచింగ్ బస్తాలు దింపించి బతికున్న రొయ్యలన్నిటినీ చంపేశాడు. చెరువుల వాళ్ళంతా అతని మంచితనాన్ని మెచ్చుకున్నారు. పది రోజులు తిరక్కుండానే, అదే నీరసం పట్టిన పక్క చెరువులో రొయ్యలు నీళ్ళు మార్చేసరికి మేత తినడం మొదలెట్టాయి.

మళ్ళీ అమలాపురం పరుగెత్తి పేజీ అంతా చదివాను. అసలు సంగతి ఎక్కడో అడుగున ఉంది. మా వరుసలో చివర ఓ చిన్న ముక్క మాత్రమే వైరస్‌తో కలిసింది. మిగతాదంతా దేనితోనూ కలవలేదు. ఎలా కలుస్తుంది? అవి మా రొయ్య సొంత అక్షరాలని నా క్లాస్‌మేటు తరవాత తేల్చింది. అప్పటికి మా రొయ్య వరుసను చదివి అక్కడ పెట్టినవాళ్ళే లేరు. ఉత్త చేతులతో పంపడం నామోషీ అన్నట్టు, చేతికందిన పేరుకు మొదటి ర్యాంకు కట్టబెట్టింది ఆ దిక్కుమాలిన పేజీ. ర్యాంకు చూసి పేపరు చూడని అలవాటు మనకు ఉండనే ఉంది.

దాన్ని నడిపేవాళ్ళకు ఉత్తరం రాశాను. ఎంత భాగం కలిసిందో పేరు పక్కనే చూపించండి, సరైనది లేకపోతే లేదని పైనే చెప్పండి, లైను తెగినా ఫలితం పోకుండా దాచండి అని అడిగాను. జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. ఆ వివరాలన్నీ పేజీ దిగువన ఉన్నాయట. దిగువన! కుర్చీ ఖాళీ చెయ్యమని వెనక పదిమంది తొందర పెడుతుంటే దిగువకు ఎవరు వెళ్తారు?

కొన్నేళ్ళకు పేజీ మార్చారు. ఎంత కలిసిందో చెప్పే గడి పేరు పక్కనే వచ్చింది. దాచుకున్న పాత వరుసను మళ్ళీ వేసి చూస్తే, ఈసారి పైన మా రొయ్యే ఉంది. వైరస్ ఎక్కడో కింద, దాని గడిలో పదో వంతు కూడా లేదు. అన్నయ్య అప్పటికి చెరువు మానేసి కొబ్బరికాయల వ్యాపారంలో దిగాడు. అతన్ని పిలిచి స్క్రీను చూపించి, వాళ్ళను మళ్ళీ తిట్టిపోశాను. ఈ గడి అప్పుడే పెట్టి ఏడిస్తే నీ చెరువు బతికేది కదా అన్నాను.

అన్నయ్య ఆ గడి వంక చూడనైనా లేదు.

"దాన్నెందుకమ్మా తిడతావు? నేను బ్లీచింగ్ కొట్టింది అది చెప్పిందని కాదు. నువ్వు చెప్పావని."