రాతి బిడ్డకు మొలతాడు

నంద్యాల జిల్లా అయిన మరుసటి ఏడు, 2023 నవంబరు మొదట్లో, నంద్యాల నుంచి ఒక పాస్టరుగారు ఆళ్లగడ్డలోని మా శిల్పశాలకు వచ్చారు. పేరు సమూయేలు. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. చర్చి ఆవరణ గోడలో పెట్టడానికి యేసు పుట్టిన దృశ్యం నల్లరాతిలో కావాలన్నారు. దాన్ని మేము రిలీఫ్ అంటాం. బొమ్మ సగం బయటికి వస్తుంది, సగం పలకలోనే ఉండిపోతుంది. ముప్పై ఏళ్లుగా ఉలి పట్టినా నేను వేంకటేశ్వరుణ్ణీ ఆంజనేయుణ్ణీ చెక్కినవాణ్ణే తప్ప క్రీస్తు జోలికి ఎప్పుడూ పోలేదు.

ముందు కొలత అడిగాను. మా పనిలో తాళం అంటే ముఖం పొడవు. దేవుడి నిలువు తొమ్మిది తాళాలు, బాలదేవుళ్లది ఐదు, మామూలు చంటిబిడ్డది నాలుగు.

“మీ బిడ్డ దేవుడా, మనిషా పాస్టరయ్యా?”

“రెండూ అన్నా.”

“సగం సగమా?”

“కాదన్నా. పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. దేంట్లోనూ తక్కువ లేదు.”

“బాగుందప్పా వరస! అట్లయితే నేను ఏ కొలత పట్టుకోవల్ల?”

ఆయన నవ్వి, “దానికే మావాళ్లు తరతరాలుగా కొట్లాడుకుంటాండారు,” అన్నారు.

ఆయనకు నవ్వొచ్చింది గానీ నాకు ఒళ్లు మండింది. పైగా వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పారు. వాళ్ల సంఘపెద్ద ఏబేలు సారు, రిటైరైన బడిపంతులు, ఆయనకు బొమ్మలంటేనే పడదట. ఇది మొక్కే విగ్రహం కాదు, చూసే దృశ్యం అని పాస్టరుగారే పూచీపడి ఒప్పించారు. పేచీ వచ్చిందంటే పలక వెనక్కొస్తుంది. నా పేరూ పోతుంది, ఆయన మాటా పోతుంది.

ఐదు తాళాలకు గీశాను, చెరిపాను. నాలుగుకు గీశాను, అదీ చెరిపాను. ఏ పనీ కుదురుగా చేయలేక ఇంట్లోవాళ్ల మీద అరిచాను. చివరికి నాలుగున్నరకు తెచ్చి, ఇది ఏ శాస్త్రంలోదిరా అని నన్ను నేనే తిట్టుకున్నాను. తల్లి గుడ్డ చుడుతోంది, బిడ్డ కాళ్లు తన్నుతున్నాడు, గుడ్డ తుంటి దాకా జారింది. అలా చెక్కాను.

పాలిష్ పడుతుంటే నా భార్య సుబ్బమ్మ టీ తెచ్చి, అక్కడే నిలబడిపోయింది.

“ఏందయ్యా, ఏసయ్యకు మొలతాడు కట్టినావ్?”

చూసుకుంటే నిజమే. ఎందరో బాలకృష్ణుల నడుములు చెక్కిన చెయ్యి, నన్నడగకుండానే దారం తిప్పేసింది. రాయిని తీయగలం గానీ పెట్టలేం. దారం పోవాలంటే పొట్టంతా దించాలి. దించితే పాలు లేని బిడ్డలా పొట్ట వెన్నుకు అంటుకుంటుంది. గుడ్డ మడత అని బొంకుదామా అని కూడా అనుకున్నాను. రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి పాస్టరుగారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. మర్నాడే ఏబేలు సారును వెంటబెట్టుకుని వచ్చారు.

సారు పలక ముందు వంగి చూశారు.

“దేవుని కుమారునికి దిష్టి తగుల్తాదా? ఏందప్పా ఈ పని?”

పాస్టరుగారు ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు.

“నా తప్పే సార్. చేతి అలవాటు. ఆయన దేవుడే, కాదనను. కానీ ఆయమ్మ చేతిలో ఉండేది చంటిబిడ్డ గదా. బిడ్డకు ఏమైతాదో అని తల్లికి భయముండదా? మన ఊర్లో కనింటే ఆయమ్మే కట్టింటాది. తీయమంటే తీస్తా,” అని ఉలి అందుకున్నాను.

సారు నా చేతిలో ఉలిని చూసి, మళ్లీ పలక మీదికి వంగారు.

“మా యమ్మ నాకు కట్టింది,” అన్నారు. “బాప్తిస్మం తీసుకున్న దినం ఆమె ముందరే తెంపి పారేసినా. దేవుడుండంగా ఇదెందుకని. మూడు దినాలు ఆమె అన్నం తినల్యా.”

వేలితో ఆ దారం వెంబడే తడుముతూ పోయారు. దారం పలకలోకి పోయే చోట వేలు ఆగింది.

“ముడి యాడ?”

“వెనకల సార్. రాయి లోపల ఉంటాది, కనపడదు.”

“ఉండనీ,” అన్నారు. “ఉలి ఆడ పెట్టు.”

క్రిస్మస్‌కు వారం ముందు పలక గోడలోకి చేరింది. దేవుడి కొలత, మనిషి కొలత ఎక్కడ కలుస్తాయో అని నేను వారాల తరబడి గింజుకున్నాను. ఆ ముడి నేను చెక్కలేదు, చెక్కలేను కూడా. కొలబద్ద చెప్పలేని చోట బిడ్డను పట్టుకున్న చేతుల వైపు చూడాలని మాత్రం తెలిసింది. తెలిసిందని నిమ్మళంగా ఉన్నానా అంటే అదీ లేదు. ఇప్పటికీ ఏ బాలదేవుణ్ణి చెక్కుతున్నా మొలతాడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఇది ఎవరు కట్టారు, ఏం భయపడి కట్టారు అని అడక్కుండా ఉలి దించలేకపోతున్నాను.