సభ దాకా పోని ప్రెస్ మిషను

ఎనభైల్లో నేను అమీర్‌పేటలో అద్దెకు ఉండేవాణ్ణి. పక్క వాటాలోని భాయ్ సనత్‌నగర్‌లో రేకులు వంచే ప్రెస్ మిషను మీద కుడిచేతి వేళ్లు పోగొట్టుకున్నాడు. చెయ్యి లోపలికి పోకుండా అడ్డుకునే ఇనుప జాలీ దానికి లేదు. ఆ తర్వాత అదే మిషను మీద అతని తమ్ముడు పనికి చేరాడు. శాసనసభలో ఎవరైనా అడిగితేనే ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కదులుతాడని నేనే చెప్పి, పంజాగుట్టలో ఒక ప్రతిపక్ష ఎమ్మెల్యే ఇంటికి భాయ్‌ని తీసుకుపోయాను. ఆయన ప్రసంగాలు రాసిపెట్టేది నేనే.

"రేపటితో సమావేశాలు ఆఖరు. సభల ఏదన్న లేవనెత్తాలంటే నాకు ఒక్క నోటీసే ఇయ్యనిస్తరు," అన్నాడాయన. "నీ బాబా సంగతా, ఈ మిషన్ సంగతా? నువ్వే చెప్పు."

గాల్లోంచి విభూతి తీసే ఒక బాబాకు ప్రభుత్వం భూమి ఇవ్వబోతోందని నేను పత్రికల్లో నిప్పులు చెరుగుతున్న రోజులవి. మూఢత్వం పోతే తక్కినవన్నీ వాటంతటవే సర్దుకుంటాయని వాదించాను. బాబానే ఇవ్వమన్నాను. భాయ్ స్టూలు మీద కూర్చుని అంతా విన్నాడు. "సహీ బాత్ అన్నా," అని తలూపాడు కూడా.

మర్నాడు సభ దద్దరిల్లింది. ఆ మరుసటి రోజు ఇరానీ హోటల్లో మిత్రులు పత్రిక చదివి, "గురూ, మంత్రికి చెమటలు పట్టించావు, చాయ్ నువ్వే తాగించాలి!" అన్నారు. తాగించాను.

ఇంటికి వస్తే భాయ్ కుళాయి దగ్గర ఉన్నాడు.

"మన ముచ్చట ఎప్పుడొస్తది అన్నా?"

"మళ్లీ సభ పెట్టినప్పుడు."

"అప్పటిదాంక మిషన్‌కు సుత సెలవిస్తరా?" అని నవ్వాడు.

ప్రభుత్వం దేని గురించి ఆలోచించాలో మంత్రివర్గం తేలుస్తుందని నేను వ్యాసాలు రాసేవాణ్ణి. ఈసారి దాన్ని పంజాగుట్ట వరండాలో, పక్కన వేళ్లు లేని మనిషిని కూర్చోబెట్టుకుని, నేనే తేల్చాను.

మళ్లీ సభ పెట్టగానే వివరాల కోసం భాయ్ దగ్గరికి పోయాను.

"ఫికర్ చెయ్యకు అన్నా, తమ్ముణ్ణి మాన్పించిన."

నాకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు సిగ్గేసింది. "మరి మిషను?"

"నడుస్తనే ఉన్నది. ఇంకొకడొచ్చిండు. పోయిన వారం వాని వేళ్లు సుత పోయినయ్."

ఆ సంగతి చెబితే ఎమ్మెల్యే, "ఇప్పుడైతే తీసుకుంటరు, తాజా సంగతి," అన్నాడు. నిబంధన అదే, అత్యవసరమని ఇచ్చే నోటీసు ఇటీవల జరిగిన సంగతి మీదే ఉండాలి. నోటీసులో 'ఇటీవల జరిగిన ప్రమాదం' అని నా చేత్తోనే రాశాను. సభ నోటీసుకు ఒప్పుకుంది.