రోప్‌వేలో ఎదుటి సీటు

నాంపల్లిలో మేం కిరాయికున్నది పాతకాలపు ఇల్లు. మేడ మీద ఎవరో తిరుగుతున్నట్టు చప్పుడవుతుందని చుట్టుపక్కలవాళ్లు చెప్పేవాళ్లు. ఆ ఇంట్లో నేను ఓనరుకు తప్ప ఇంకెవరికీ భయపడలేదు. దయ్యాల కబుర్లంటే నాకు నవ్వే. ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవరినో నమ్మించడానికి కాదు.

పోయిన ఏడాది మా ఆయన శ్రీనివాస్ చనిపోయారు. ఆబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం ఆయనది. కూర్చున్న కుర్చీలోనే గుండెనొప్పి వచ్చింది. దవాఖానకు చేర్చేసరికే అంతా అయిపోయింది.

ఆ పొద్దున ఆయన బయల్దేరినప్పుడు మా అత్తమ్మ స్నానానికి వెళ్లి ఉంది. "చెప్పకుంట పోయిండు" అన్నదొక్కటే ఆమె మాట. కంట్లో నీళ్లు రాలేదు, అన్నం ముద్ద గొంతు దిగలేదు. ఆయన తర్వాత ఈమె కూడా నాకు దక్కదేమోనని బెంగపట్టుకుంది.

దినాలయ్యాక చుట్టాలింట్లో ఒక రాత్రి నిద్ర చేసి రావడం మావైపు ఆచారం. వైజాగ్‌లో ఉన్న మా చెల్లె పిలిస్తే వెళ్లాం. మర్నాడు సముద్రం చూస్తే పెద్దామె మనసు కుదుటపడుతుందని, మమ్మల్ని కైలాసగిరి రోప్‌వే దగ్గర దించి చెల్లె డ్యూటీకి పోయింది.

"చెరో పక్క కూర్చోండమ్మా, ఒకే పక్కయితే ఒరుగుద్ది" అన్నాడు తీగకు వేలాడే డబ్బాలోకి మనుషుల్ని ఎక్కించే అతను. అత్తమ్మ భయపడి నన్ను అంటిపెట్టుకునే కూర్చుంది. అతను చెప్పినట్టే డబ్బా కొద్దిగా మావైపు ఒరిగింది. తలుపు వేసి పంపించాడు.

పట్టపగలు, మంచి ఎండ. కింద కొండవాలు, చెట్లు, బీచ్ రోడ్డు, ఆవల సముద్రం. సగం దూరం పోయాక డబ్బా ఎదుటి సీటు వైపు మెల్లగా దిగింది. గాలికి ఊగితే మళ్లీ ఇటు రావాలి. ఇది అటు దిగి అక్కడే ఆగింది. ముందుకు జారిపోకుండా నేను కాళ్లు తన్నిపెట్టి కూర్చోవలసి వచ్చింది. ఎదుటి సీటు ఖాళీగా ఉంది.

మా ఆయన భారీ మనిషి. ఆటోలో ఆయన కూర్చుంటే నేను జారి ఆయన మీదే పడేదాన్ని. పెళ్లయిన కొత్తలో సిగ్గుపడ్డాను, తర్వాత్తర్వాత ఏడిపించేదాన్ని. ఆ ఒరుగు నా ఒంటికి తెలుసు.

అత్తమ్మ, ఇంట్లో మాట్లాడినంత మామూలుగా, "తిన్నవా శీనూ?" అంది.

ఆమె ఖాళీ సీటు వంకే చూస్తూ, "జర చెప్పి పోతే ఏమాయెరా" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన పోయాక అదే మొదటిసారి ఏడవడం. నేనూ ఏడ్చాను.

పైకి చేరుతుండగా, ఇంకా తలుపు తీయకముందే, ఎదుటి సీటు వైపు తేలికైపోయి డబ్బా మళ్లీ మావైపు ఒరిగింది.

"గప్పుడే దిగుతున్నవా బిడ్డా?" అంది అత్తమ్మ.

కొండ మీద ఏం చూశామో నాకు గుర్తులేదు. దిగేటప్పుడు అక్కడ ఎక్కించే మనిషి కూడా చెరో పక్క కూర్చోమన్నాడు.

"గాడ మా కొడుకు కూసుంటడు" అంది అత్తమ్మ. ఆ మనిషి నా వంక చూశాడు. నేను కూడా ఔనన్నాను. ఇద్దరం ఒకే పక్క ఇరుక్కుని కూర్చుని, ఎదుటి సీటు చూస్తూ కిందిదాకా వచ్చాం. డబ్బా మావైపే ఒరిగి ఉంది. తలుపు తీశాక కూడా అత్తమ్మ లేవలేదు. చెయ్యి పట్టి దించాను.

ఆ రాత్రి మా చెల్లె కలిపి పెట్టిన పప్పన్నం అత్తమ్మ తిన్నది. మా చెల్లె భర్త ఇంజనీరు. కొండ దగ్గర గాలి అట్లాగే తోస్తుందన్నాడు. దిగేటప్పుడు ఎందుకు తోయలేదని నేను అడగలేదు.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన వచ్చారని నమ్మాలనే ఉంటుంది. కానీ వచ్చారని నమ్మితే, మమ్మల్ని వదిలి దిగిపోయారనీ నమ్మాలి. అందుకే ఎవరైనా అడిగితే గాలేనని చెప్తున్నాను.